దిండుపై కుట్టిన పూవు

కానుక విలువను నిర్ణయించునది వస్తువా, దానికై పడిన కాయకష్టమా, ఇచ్చువారి మనస్సా? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే కాని మన యిండ్లలో నిత్యము క్రొత్తగా తల యెత్తుచుండును. అవనిగడ్డలో నొక గృహిణి, బందరులోనున్న తన ఆడబిడ్డ గృహప్రవేశమునకు దిండొకటి స్వయముగా కుట్టి యిచ్చినదనుకొందము. అంగడిలో అరగంటలో దొరకు వస్తువునకు ఆమె రెండు నెలలేల వెచ్చించవలెను?

ముందుగా ఆ పని యెట్టిదో చూడవలెను. మాటీ గుడ్డపై అంగుళమునకు 10 గళ్ళ చొప్పున 15 అంగుళముల చదరమును నింపవలెనన్నచో 22,500 కుట్లు పడును. ఒక్కొక్క కుట్టు గుణకారపు గుర్తువలె రెండు పోగుల కలయిక. అనగా సూది 45,000 మారులు పైకి వచ్చి, అన్ని మారులును క్రిందికి పోవలెను. ఒక గడి తప్పినచో పూరేకు వంకరపోవును. తప్పు పది వరుసల తరువాత కంటబడినను విప్పక తప్పదు. పని తెలిసిన పెద్దలు గలీబును చేతికందుకొనగానే తిరుగవేసి చూతురు. పైనున్న పూవును ఎవరైనను అందముగా చూపగలరు. వెనుకనున్న ముడులే కుట్టినవారి ఓర్పును చెప్పును. ఇక నింపుటకు బూరుగుదూది. ఎండకాలమున కాయలు పగిలినప్పుడు సేకరించి, గింజలేరి, గాలి సోకని గదిలో కూరవలెను. ఆ దూది నీటిని త్వరగా పీల్చదు. అందుచేతనే ఒకప్పుడు ఓడలలో ప్రాణరక్షణకు వాడు తేలుడు చొక్కాలలో దానిని నింపెడివారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన సీమలో ఈ మాట వినువారికి వేరుగా తోచును.

ఇంత శ్రమ యున్నది కనుక చేతితో చేసినదే గొప్పదని తీర్పు చెప్పుట సులభము. కాని అది తొందరపాటు. బందరు ప్రక్కనే పెడన యున్నది. అచట అద్దిన గలీబును కొని యిచ్చినను అదియు చేతిపనియే. కొయ్యపై అచ్చును చెక్కినవాని చేయి, రంగు కాచినవాని చేయి, బట్ట నుతికినవాని చేయి అందులో గలవు. పైగా వారికి కూలి ముట్టినది. తన చేయి మాత్రమే పవిత్రమనుకొనుటలో అహంకారమున్నది.

మరియొక చిక్కు కలదు. నరసాపురము ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక వేలాది స్త్రీలకు జీవనాధారమైనది. మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమున, ఆ స్త్రీలు దినమంతయు శ్రమించుచున్నను వారిని పనివారుగా గాక, తీరికవేళ అల్లుకొను గృహిణులుగానే లెక్కించిరని నిరూపించినది. మన దిండు సంగతి వేరా? రెండు నెలలు కన్నులు చెడగొట్టుకొన్నది కోడలు. బంధువుల యెదుట అది “అన్నగారిచ్చిన దిండు”. ఆమె సూదిపనిని కాయకమని పిలుచుటకు నోరు రాదు, తీరికపని యందురు. శరణుల సంప్రదాయమున ఆయ్దక్కి మారయ్య యొకనాడు ఏరిన బియ్యము నిత్యముకన్న మిక్కిలిగా తెచ్చినప్పుడు, ఎక్కువైనదానిని తిరిగి యిచ్చి రమ్మని పంపినది భార్య లక్కమ్మ. దాసోహమునకు ఏది తగును, ఏది తగదు అను నిర్ణయము ఆమెది. లక్కమ్మను పూజించుచు కోడలి పేరు మరచు యిండ్లు కొద్దిగా సిగ్గుపడవలసియున్నది.

అన్నింటికన్న కఠినమైన ఘట్టము ఇచ్చిన తరువాత వచ్చును. ఆరు నెలలకు ఆమె బందరు వెళ్ళినది. దిండు పిల్లవాని కాళ్ళక్రింద నున్నది; పూవుపై తలనూనె మరక. ఆమె గుండె కలుక్కుమన్నదనిన తప్పు పట్టలేము. అయితే అది యిప్పుడు ఎవరి దిండు?

పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని దేడర దాసయ్య యిచట జ్ఞప్తికి వచ్చును. ఆయన నేతగాడు. తాను నేసిన మేలైన వస్త్రమును అంగడికి గొనిపోగా అమ్ముడుపోలేదు. త్రోవలో వృద్ధజంగమ రూపమున శివుడు దానిని అడిగి పుచ్చుకొని, అతడు చూచుచుండగనే ముక్కలుగా చింపెను. దాసయ్య కోపగింపలేదు, ఆ వృద్ధుని ఇంటికి తోడ్కొనిపోయి ఆదరించెను. తవనిధి లభించినదను కథాంతమునే పురాణము చెప్పువారు సాగదీయుదురు గాని, బట్ట చిరుగుచున్న చప్పుడు విన్న ఆ క్షణమే కథకు ప్రాణము. తన నేతలోని ప్రతి పోగును ఎరిగినవాడు చూచుచు నిలుచుట సామాన్యము కాదు. కొని తెచ్చిన బట్టయైనచో ఆ పరీక్షకు అంత పదును ఉండదు. స్వయముగా చేసినదానిని ఇచ్చుటలో గల విశేషము బహుశః ఇదియే: విడువవలసినది అందులో ఎక్కువ.

అట్లని మరకను చూచి బాధపడిన గృహిణి దాసయ్యకన్న తక్కువదనుట న్యాయము కాదు. ఆమె ఏమియు అనక గలీబు నూడదీసి, కుంకుడురసమున నానబెట్టి, దూదిని ఎండలో పరచినది. ఆడబిడ్డ వచ్చి తడి గలీబును తిరుగవేసి, వెనుకనున్న ముడులను మొదటిసారి చూచినది.