చెల్లని కాసుల పద్దు

ఆకివీడు, భీమవరం వైపు చాలా ఇళ్ళల్లో ఇప్పుడు టీవీ కింద సొరుగు లాగితే పాత రిమోట్లు, కరెంటు బిల్లుల మధ్య నాలుగైదు విదేశీ నాణేలు కనిపిస్తాయి. కెనడా నుంచో అమెరికా నుంచో పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు జేబుల్లో మిగిలిపోయినవి. డాలరు నోట్లయితే మార్చిపెట్టేవాళ్ళు ఉంటారు గానీ చిల్లర ఎవరూ తీసుకోరు. ఖర్చు పెట్టడానికి వీల్లేదు, పారేయడానికి చేతులు రావు. అలా ఎవరూ అనుకోకుండానే అదొక 'కలెక్షన్' అయిపోతుంది.

మా ఇంట్లో అలా చేరిన వాటిలో కెనడా ఐదు సెంట్ల బిళ్ళ ఒకటి ఉంది. ఒకవైపు ఎలిజబెత్ రాణి, రెండోవైపు నీళ్ళ మధ్య కూర్చున్న బీవర్. చెట్లు కొరికి వాగులకి ఆనకట్టలు కట్టే జంతువు అది. 1937 నుంచీ ఆ బిళ్ళ మీద ఎక్కువగా అదే బొమ్మ. మా అమ్మమ్మ మాత్రం చూడగానే పందికొక్కు అంది. వరి పండించే ఊళ్ళో ఇంకేం గుర్తొస్తుంది మరి! డబ్బు మీద ఒక జంతువుని ఎందుకు వేశారు అన్న ప్రశ్న మాత్రం మంచిదే. దాని వెనకాల వెళ్తే నాణేల సేకరణ ఎవరికీ హాని చెయ్యని సరదా అన్న మాటని కొంచెం ఆపి అడగాలనిపిస్తుంది. చేతులు మారడం కోసం పుట్టిన వస్తువుని పట్టుకుని ఆపేసినప్పుడు మనం సరిగ్గా ఏం చేస్తున్నట్టు?

ముందు మన భాషలోనే చూద్దాం. ఎవరి దగ్గరా ఏమీ లేదని చెప్పాలంటే చిల్లిగవ్వ లేదంటాం. పనికిరాని మనిషిని దమ్మిడీకి కొరగాడంటాం, చెల్లని కాసంటాం. గవ్వ, కాసు, దమ్మిడీ, కాణీ, ఏగాణీ అన్నీ ఒకప్పుడు ఉప్పూ పప్పూ కొన్న నిజమైన డబ్బులే. చచ్చిపోయిన డబ్బు మనకి తిట్టుగా మిగిలింది. 'డబ్బు' అన్న మాట కూడా ఒక చిన్న రాగి నాణెం పేరే. మన ఉత్తర సర్కారు జిల్లాల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ టంకశాలలో రాగి నాణేలు కొట్టించింది. వాటి మీద 'రూపాయికి 48' అని ఇంగ్లీషులో ఉంటుంది, చుట్టూ లాటిన్ నినాదం. వాటితో బియ్యం కొనాల్సినవాళ్ళ భాషలో ఒక్క అక్షరం లేదు. తెలుగు అక్షరాలున్న కంపెనీ నాణేలు ఆ తర్వాత కొన్నేళ్ళకి గానీ రాలేదు.

నలభై ఏళ్ళు గడిచాక అదే బర్మింగ్‌హామ్ సంస్థ కెనడా బ్యాంకులకి కూడా రాగి బిళ్ళలు కొట్టి పంపింది. 1837 తారీఖుతో, ఒకవైపు చలికోటు వేసుకున్న పల్లెటూరి రైతు బొమ్మతో వచ్చిన ఆ టోకెన్లంటే కెనడా కలెక్టర్లకి మహా ఇష్టం. ప్రభుత్వం చిల్లర సరిపడా ఇవ్వలేదు కాబట్టి అక్కడ బ్యాంకులూ దుకాణాలూ ఎవరి టోకెన్లు వాళ్ళు వేసుకున్నారు. తేలికపాటి బిళ్ళల్ని ఆపడానికి నిబంధనలొస్తే, వెనకటి సంవత్సరం వేసి మరీ కొట్టారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1685లో ఫ్రాన్స్ నుంచి రావాల్సిన డబ్బు ఓడలో రాకపోతే అధికారి ఒకాయన పేకముక్కల మీద సంతకం పెట్టి సైనికులకి జీతాలిచ్చాడు. ఓడ వచ్చాక ఆ ముక్కలు తీసుకుని అసలు డబ్బు ఇస్తానన్నాడు.

ఇదేమీ మనకి వింత కాదు. చిల్లర లేనప్పుడు ఆర్టీసీ కండక్టరు టికెట్టు వెనకాల బాకీ రాసిస్తాడు. ఆ గీత కనిపించే ఆ చిన్న కాయితమే దిగేదాకా మన టోకెను. కొట్టువాడు రూపాయికి బదులు చాక్లెట్టు చేతిలో పెడతాడు. ఇంకోవైపు, పది రూపాయల బిళ్ళలన్నీ, పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినా, మన ఊళ్ళల్లో ఆటోవాళ్ళూ కిరాణా కొట్లవాళ్ళూ చాలాకాలం వాటిని ముట్టుకోలేదు. సర్కారు ముద్ర ఉన్న బిళ్ళ చెల్లలేదు, కండక్టరు గిలికిన కాయితం చెల్లింది. చెల్లుబాటు అనేది లోహంలో లేదు, ముద్రలో కూడా పూర్తిగా లేదు. అవతలి మనిషి రేపు దీన్ని కాదనడు అన్న నమ్మకంలో ఉంది. టోకెన్ సేకరించేవాడు నిజానికి సేకరిస్తున్నది ఈ నమ్మకాల అవశేషాల్నే.

ఇక్కడిదాకా అందంగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, అన్ని టోకెన్లూ ఇద్దరి మధ్య నమ్మకంతో పుట్టలేదు.

అమ్మమ్మ పందికొక్కు దగ్గరికి మళ్ళీ వద్దాం. 1670లో రాజు ఇచ్చిన పట్టాతో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ వ్యాపారమంతా తోళ్ళ మీద, ముఖ్యంగా బీవర్ తోలు మీద నడిచింది. ఐరోపాలో ఆ బొచ్చుతో టోపీలు చేసేవాళ్ళు. కంపెనీ తన లెక్కలన్నీ 'మేడ్ బీవర్' అనే కొలతలో రాసుకుంది. అంటే బాగా శుభ్రం చేసి ఆరబెట్టిన ఒక మంచి బీవర్ తోలు. తుపాకీకి ఇన్ని బీవర్లు, దుప్పటికి ఇన్ని బీవర్లు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఈస్ట్ మెయిన్ అనే ప్రాంతం కోసం ఒకటి, అర, పాతిక, అరపాతిక బీవర్ల విలువతో ఇత్తడి టోకెన్లు చేయించారు. అచ్చు చెక్కినవాడు 'ఎమ్‌బి' అనాల్సిన చోట 'ఎన్‌బి' అని చెక్కాడు. ఆ తప్పుతోనే అవి చెలామణీ అయ్యాయి. ఆ తప్పు వల్లే ఇప్పుడు కలెక్టర్లు వాటి గురించి మరింత ముచ్చటగా చెప్పుకుంటారు.

వేటగాడు తోళ్ళు తెచ్చి ఇస్తే చేతిలో ఇత్తడి బిళ్ళలు పెట్టేవాళ్ళు. వాటితో అదే కంపెనీ కొట్లో సరుకు తీసుకోవాలి. క్రీ జాతి వేటగాళ్ళేమీ అమాయకులు కారు. సరుకు నాసిరకమైతే వెనక్కి కొట్టేవాళ్ళు, బేరాలాడేవాళ్ళు, ఫ్రెంచి వర్తకుల దగ్గరికి పోతామని బెదిరించేవాళ్ళు. కానీ 1821లో కంపెనీ తన పెద్ద పోటీదారుని కలిపేసుకున్నాక ఆ బెదిరింపుకి బలం తగ్గిపోయింది. ఇత్తడి టోకెన్లు వచ్చింది ఆ తర్వాతే. తోలు ధర చెప్పేదీ, దుప్పటి ధర చెప్పేదీ, మధ్యలో బిళ్ళ కొట్టించేదీ ఒకరే అయినప్పుడు దాన్ని నమ్మకం అనాలా, ఇంకేమన్నా అనాలా?

దీనికోసం కెనడా దాకా పోనక్కర్లేదు. అస్సాం, సిల్హెట్ టీ తోటల్లో కూలీలకి తోట పేరున్న టోకెన్లు ఇచ్చేవాళ్ళు. తోట దాటితే అవి మామూలు డబ్బులా చెల్లవు. పారిపోదామనుకున్న మనిషి జేబులో ఉన్నదంతా గేటు దగ్గరే చెత్తయిపోతుంది. ఆ తోటలకి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తెలుగు మూలాలున్న కుటుంబాలు అస్సాంలో ఇప్పటికీ ఉన్నాయి. 1921 మే నెలలో చర్గోలా లోయ కూలీలు వేలల్లో తోటలు వదిలి సొంత ఊళ్ళకి నడక మొదలుపెట్టారు. చాంద్‌పూర్‌లో వాళ్ళ మీద సైనికుల్ని తోలారు. ఇప్పుడు ఆ తోటల టోకెన్లు వేలంలో కొనుక్కుని గాజుపెట్టెలో పెట్టుకునేవాళ్ళున్నారు. కొనడం తప్పని నేను అనడం లేదు. మరి దాని పక్కన చీటీలో ఏం రాస్తాం అన్నదే నా ప్రశ్న.

మామూలుగా రాసేది నాలుగు సంగతులు: దేశం, సంవత్సరం, లోహం, గ్రేడు. ఈ గ్రేడు దగ్గరే నాకు అసలు ఇబ్బంది.

నాణేల స్థితిని 1 నుంచి 70 వరకూ కొలిచే పద్ధతి ఒకటుంది. 1949లో షెల్డన్ అనే అమెరికన్ మొదలుపెట్టింది. ఒక్క చేతిలోకీ పోకుండా, అచ్చు కొట్టినప్పటిలా మెరుస్తున్నది 70కి దగ్గర. వేలమంది చేతుల్లో నలిగి బొమ్మ చెరిగిపోయినది 1. అంటే డబ్బుగా తన పని అసలు చెయ్యని నాణేనికి అందరికంటే ఎక్కువ విలువ, జీవితమంతా పనిచేసిన దానికి అట్టడుగు ధర. శుభ్రం చేసినా విలువ పోతుంది. మన ఇళ్ళల్లో రాగీ ఇత్తడీ కనిపిస్తే చెయ్యి దానంతటదే చింతపండు వైపు పోతుంది. కలెక్టరు చూస్తే గుండె పట్టుకుంటాడు.

అరుదుతనం సంగతీ అంతే. కెనడా యాభై సెంట్ల నాణేల్లో 1921వి మహా ఖరీదు. రెండు లక్షలకి పైగా కొట్టి, ఎవరికీ అవసరం పడక దాదాపు అన్నీ కరిగించేశారు. మిగిలిన కొద్దిపాటికి ఇప్పుడు రాజమర్యాదలు. తోటివన్నీ కుంపట్లో పోయాయి కాబట్టే వీటికి ఈ ధర. మార్కెట్టు ఇలాగే లెక్క కడుతుంది, అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఆ లెక్కనే మన అభిరుచి అనుకోవడం మొదలుపెడితే, అరిగిపోయిన వాటి పట్ల ఒక చిన్నచూపు మనలోకి తెలీకుండా వచ్చి చేరుతుంది. ఆ చిన్నచూపు నాణేలతో ఆగుతుందని నేననుకోను.

మా నాన్న పుట్టినప్పుడు మొలతాడుకి కట్టిన చిల్లుకాణీ ఇంకా ఇంట్లో ఉంది. యుద్ధకాలంలో రాగి ఆదా చెయ్యడానికి 1943 నుంచి 1947 దాకా మధ్యలో పెద్ద చిల్లుతో కొట్టిన కాణీ. అలాంటివి కోట్లల్లో ఉన్నాయి, కాబట్టి ధర లేదు. తాడు రాసుకుని చిల్లు అంచు నున్నగా అయిపోయింది, కాబట్టి గ్రేడూ లేదు. ఏ కేటలాగు ప్రకారం చూసినా చెల్లని కాసే. అంగడికి పోవాల్సినదాన్ని ఆపి, చంటిపిల్లాడి నడుముకి కట్టిన ఆ చెయ్యి కూడా సేకరించిందనే అంటాను నేను.

అయితే కలెక్టర్ల పక్షాన చెప్పాల్సిందీ ఉంది. వాళ్ళే లేకపోతే ఇవన్నీ కంసాలి మూసలోకి పోయేవి. 1845 తర్వాత ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ నాణేల మీద పిచ్చితో పోగుచేసి, చదివి, 1886లో దక్షిణ భారత నాణేల మీద పుస్తకం తెచ్చాడు. మన ఏలూరు పక్కన పెదవేగి రాజధానిగా ఏలిన వేంగి చాళుక్యుల నాణేల గురించి తెలుసుకోవడానికి అలాంటి పనే పునాది. అమరావతి స్తూపం రాళ్ళని తవ్వి మద్రాసు పంపించిందీ ఆయనే. ఇప్పుడవి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కాపాడిన చెయ్యీ ఎత్తుకుపోయిన చెయ్యీ ఒకటే అయినప్పుడు ఏ ఒక్క మాటతోనూ తీర్పు చెప్పలేం. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. ఇలియట్ తను చదివిన నాణేల గురించి రాసి పెట్టాడు, అందుకే ఇవాళ మనం అడగగలుగుతున్నాం. పొలంలో కుండ దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 చట్టం. చెప్పకుండా విడివిడిగా అమ్మేస్తే నాణేలు మిగులుతాయి గానీ అవి ఎవరివో, ఎందుకు పాతారో చెప్పే దారి తెగిపోతుంది.

దాచుకోవడానికీ సేకరించడానికీ తేడా ఏమిటని మన చట్టాన్ని అడిగితే తమాషా అయిన జవాబు వస్తుంది. 2016లో రద్దయిన ఐదువందలు, వెయ్యి నోట్లు పదికి మించి ఉంచుకోకూడదని 2017 చట్టం. చదువు కోసమో, పరిశోధన కోసమో, నాణేల శాస్త్రం కోసమో అయితే పాతిక వరకూ ఉండొచ్చు. పదకొండో నోటు దగ్గర మొదలై పాతికో నోటు దాకా మిమ్మల్ని కాపాడేది మీ ఉద్దేశం ఒక్కటే. చట్టం తనకి తెలీకుండానే సరైన చోట వేలు పెట్టిందనిపిస్తుంది. వస్తువు అదే, ఉంచుకున్న కారణం వేరు.

ఆ కారణాన్ని కలెక్టరు ఎలా నిరూపించుకుంటాడు? నాకు తోచిన దారి ఒక్కటే, పద్దు. దేశం, సంవత్సరం, లోహం, గ్రేడు రాసిన చీటీ కింద ఇంకో రెండు వరసలు. ఇది ఎవరి చేతికి ఇవ్వడానికి చేసింది? ఎక్కడిదాకా చెల్లింది, ఏ గేటు దగ్గర చెల్లకుండా పోయింది? ఈస్ట్ మెయిన్ టోకెన్‌కైతే వేటగాడి పేరు మనకి తెలీదు, అయినా అతనొకడున్నాడని రాయొచ్చు. తోట టోకెన్‌కైతే తోట పేరుతో పాటు గేటు సంగతి రాయొచ్చు. కండక్టరు టికెట్టు దాచుకుంటే ఆ రెండు రూపాయలు వెనక్కి వచ్చాయో లేదో రాయొచ్చు.

హడ్సన్స్ బే కంపెనీ దుకాణాలు 2025 జూన్ 1న అన్నీ మూతపడ్డాయి. మూడున్నర శతాబ్దాల కంపెనీ. దాని పేరు మోసిన ఇత్తడి బిళ్ళలు మాత్రం ఎవరెవరి పెట్టెల్లోనో భద్రంగా ఉన్నాయి. మాట ఇచ్చినవాడు పోయాడు, పుచ్చుకున్నవాడు అంతకుముందే పోయాడు, గుర్తు మిగిలింది. దాని బాకీ ఇప్పుడు ఎవరూ తీర్చలేరు. కానీ బాకీ ఉండేదన్న సంగతి చెరిగిపోకుండా చూడొచ్చు, అది ఆ బిళ్ళ ఎవరి సొరుగులో ఉంటే వాళ్ళ పని.