కర్త

మా పాప ముప్పయ్యో వారంలోనే పుట్టింది. 1,180 గ్రాములు. మా ఆవిడకు బీపీ ఎక్కువై, ఇక ఆగడానికి లేదని ఆపరేషన్ చేశారు. తల్లి మూడో అంతస్తులో, బిడ్డ అయిదో అంతస్తులో బాక్సులో. మధ్యలో మెట్ల మీద నేను.

మా నాన్న తెనాలి దగ్గర పల్లెలో పౌరోహిత్యం చేస్తారు. ఆయన చేయించే జాతకర్మకు తండ్రే కర్త. బొడ్డు కోయకముందే బంగారంతో నెయ్యి, తేనె బిడ్డ నాలుకకు తాకించాలని శాస్త్రం. ఇక్కడేమో ఏడాది నిండేదాకా తేనె మాటే ఎత్తొద్దన్నారు. నేను చేసిన కర్మల్లా సంతకాలు పెట్టడం, చీటీ పట్టుకుని మందుల షాపుకు పరిగెత్తడం.

ఫోన్లు మొదలయ్యాయి. ‘ఏడో నెలైతే బతుకుతార్రా, ఎనిమిదో నెలే గండం’ అంది పెద్దత్త. డాక్టరు నవ్వి, కడుపులో ఎన్ని వారాలుంటే అంత బలమన్నారు. దూరపు బాబాయి ఒకాయన మాత్రం ‘ఏ జన్మ పాపమో’ అన్నాడు. కిలోంపావు కూడా లేని ప్రాణానికి ఎంత పాపమని అంటగడతారు? ఆ రాత్రి నాన్నను అడిగాను.

‘కర్మ అన్నది నీ నడత నువ్వు దిద్దుకోడానికిరా. పక్కవాడి బిడ్డను తూచే తక్కెడ కాదు’ అన్నారు. తర్వాత, ‘తిన్నావా?’ అన్నారు. నాలుగు రోజుల్లో నన్నామాట అడిగింది ఆయనొక్కరే.

తొమ్మిదో రోజు సిస్టర్ పిలిచింది. ‘చొక్కా గుండీలు విప్పి కుర్చీలో వెనక్కి వాలండి సార్.’ కంగారూ కేర్. 1978లో బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గర్ రే మొదలుపెట్టిన పద్ధతట. టోపీ, డైపరు తప్ప ఒంటి మీద ఏమీ లేని పాపను కప్పపిల్లలా నా ఛాతీకి ఆనించి, తల పక్కకు తిప్పి, పైన గుడ్డ కట్టింది.

కాసేపటికి మానిటర్ మోగింది. 94 ఉన్న ఆక్సిజన్ అంకె 82కు జారింది. సిస్టర్ వేలితో పాప అరికాలు మీటింది. అంకె మళ్లీ ఎక్కింది. ‘నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి ఊపిరి మర్చిపోతారు సార్.’

‘నేనేం చెయ్యాలి?’

‘కదలకండి. అంతే.’

గీత నాలుగో అధ్యాయంలో అకర్మ గురించి, ఏమీ చెయ్యకపోవడంలోనూ కర్మ ఉంటుందని నాన్న ఎన్నిసార్లు చెప్పినా నాకది మాటల గారడీలానే ఉండేది. ఆ గంటసేపు మొక్కలేదు, బేరమాడలేదు, ‘మాకే ఎందుకు’ అనీ అడగలేదు. వెచ్చగా ఉన్నాను, అంతే. నా ఊపిరితో పాటు పాప వీపు లేచి పడుతోంది. ఆ గంట నాకు దొరికింది కూడా మా బావమరిది వల్ల. ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, నా చేతిలో చీటీ లాక్కుని మందుల షాపు దగ్గర తను నిలబడ్డాడు. ఇలాంటి తండ్రికి సాయమంటే అది.

నలభై మూడో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. బారసాల నాన్నే చేయించారు. పళ్లెంలో బియ్యం, నా వేలికి ఉంగరం. సంకల్పంలో కర్తగా నా గోత్రం, పేరు చెప్పమన్నారు.

చెప్పాను. పెళ్లినాడు చెప్పినంత ధీమాగా మాత్రం కాదు.