దానమా, బాకీయా?



మన నీరు పొరుగువాని గోడను కూల్చినయెడల, ఆ గోడను మరల కట్టించుట దానమా, బాకీయా? ఇది పండితుల ప్రశ్నవలె కనబడవచ్చును. గాని మా పల్లెలో ఈ ప్రశ్న నిజముగా పుట్టి రెండు నెలలు మమ్మును కలవరపెట్టెను. ఆ తప్పులో మా పాలును ఉన్నది గనుక, జరిగినది జరిగినట్లు మీ యెదుట ఉంచుచున్నాము.

పొదిలి ప్రాంతములో కాపురమున్నవారికి నీటి కష్టమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. బోరు వేసినను నీరు పడదు. పడినను అనేక చోట్ల అది త్రాగుటకు పనికిరాదు. పిల్లల పండ్లమీది గోధుమరంగు చారలును, నడివయస్సునకే వంగిన నడుములును మనమందరము చూచినవే. కొందరు దీనిని శాపమనిరి. 1937లో షార్ట్ అను వైద్యుడును ఆయన తోటివారును అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, ఇది నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధియని తెలియజేసిరి. పొదిలి ఆ దినములలో నెల్లూరు జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టిరి.

లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రామునకు మించకూడదనియు, వేరు నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము. నీరు కాచినంతమాత్రమున ఈ దోషము పోదు. కాగిన కొలది నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడును. ఈ సంగతి తెలియక కాచిన నీళ్ళే త్రాగించి పిల్లలకు మేలు చేయుచున్నామనుకొన్న తల్లులు మన సంఘములలో ఎందరో కలరు.

కావున మా పల్లెలో నూట ఇరువది కుటుంబములు కూడి ఒక నీటి ప్లాంటు పెట్టుకొనెను. నెలకు 150 రూపాయల కార్డు, దినమునకు ఇరువది లీటర్ల టిన్ను ఒకటి. ఇందులో ఎవరికిని లాభము లేదు. మోటారు కరెంటుకు, పని చూచువాని జీతమునకు పోగా మిగిలినది మెంబ్రేను మార్చుటకని దాచుచుంటిమి. లెక్కల పుస్తకము మా యొద్దనే ఉంచిరి.

ఇట్టి ప్లాంటు ఎట్లు పని చేయునో అందరును తెలిసికొనవలెను. బోరు నీరు మోటారు బలముచేత సన్నని మెంబ్రేను గుండ నెట్టబడును. మంచినీరు అవతలికి పోవును. ఉప్పులును ఫ్లోరైడును ఇవతలి నీటిలోనే మిగులును. వేయి లీటర్లు పోసినప్పుడు అయిదువందలు మంచినీరుగా వచ్చినయెడల, మిగిలిన అయిదువందలలో ఆ వేయి లీటర్ల ఉప్పు దాదాపు అంతయు ఉండును. అనగా మనము త్రాగు ప్రతి టిన్ను వెనుక, బోరు నీటికంటె రెండింతలు చెడిన నీరు మరియొక టిన్నెడు పుట్టుచున్నది. మేము ఆ వేస్టు నీళ్ళను వీధి కాలువలోనికి వదలితిమి. కాలువ పల్లమునకు పోవును. పల్లములో ఒక విధవరాలు, మిరప కోతలకు పోయి బ్రదుకు పెద్దమ్మ, తన భర్త కట్టిన మట్టి గోడల యింటిలో ఉన్నది.

ప్లాంటు పెట్టిన మరు సంవత్సరమే ఆమె వచ్చి, “అయ్యగారూ, నా గోడకు చవుడు పట్టింది, ఒకసారి వచ్చి చూడండి” అనెను. వానలకు చెమ్మ సహజమే గదా అని చెప్పి పంపితిమి. రెండవసారి వచ్చినప్పుడు కమిటీవారు గోడ అడుగున రెండడుగుల ఎత్తున సిమెంటు పూయించిరి. అది మేలనుకొంటిమి, కీడాయెను. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు మట్టి గోడ నేలలోని నీటిని పైకి పీల్చును. ఆ చెమ్మ గోడ ముఖమున ఆరిపోవలెను. సిమెంటు ఆ దారిని మూయగా చెమ్మ ఇంకను పైకెక్కెను. నీరు ఆరిన చోట ఉప్పు నిలిచి పొంగి మట్టిని పిండివలె రాల్చెను. కార్తీక మాసపు వాన ఒక రాత్రి కురిసినప్పుడు వెనుక గది గోడ కూలెను. ఆమె ముందు గదిలో పండుకొనుటచేత బ్రదికెను. ఆమె మేకపిల్ల గోడ క్రింద చచ్చెను.

మరుసటి ఆదివారము మేము ఆరాధనలో ఆమె నిమిత్తము కానుక పట్టితిమి. 2,600 రూపాయలును ఒక మూట బియ్యమును పోగాయెను. సంతోషముతో తీసికొనిపోయితిమి. ఆమె మూటవైపు చూచి ఇట్లనెను: “దానమైతే నాకొద్దు అయ్యగారూ. నేను అడుక్కోలేదు. మీ నీళ్ళు నా గోడ పడేసినయ్. బాకీ అని రాసిస్తే తీసుకుంటా.”

మాకు కోపము వచ్చెను. దానిని ఒప్పుకొనుచున్నాము. ఇంతమంది ప్రేమతో ఇచ్చినదానిని కాదనుట గర్వమని తలంచితిమి. ఇంటికి వచ్చి లెక్కల పుస్తకము తెరచినప్పుడు మాత్రము మా మనస్సు మమ్మును గద్దించెను. ఆమె రెండుమార్లు మా యొద్దకు వచ్చెను. రెండుమార్లును మేము వినలేదు. ఇప్పుడు చేయవలసినదానికి ప్రేమయని పేరు పెట్టి, ఆమె చేత కృతజ్ఞత చెప్పించుకొనవలెనని పోయితిమి.

కమిటీ కూడినప్పుడు మూడు మాటలు వచ్చెను. అవి చెడ్డవారి మాటలు కావు గనుక మూడింటిని ఆలోచింతము.

మొదటి మాట: ఆమె పల్లములో ఎందుకు ఇల్లు కట్టుకొనెను? దీనికి జవాబు తేలిక. ఇల్లు ముందు, ప్లాంటు తరువాత. వాన నీరు పల్లమునకు పోవుట దేవుని యేర్పాటు. సంవత్సరము పొడుగున ప్రతి దినము ఉప్పు నీరు పోవుట మన యేర్పాటు.

రెండవ మాట: మనము లాభము కొరకు చేయలేదు గదా, ఊరి మేలు కొరకు చేసితిమి గదా? ఇది గట్టి మాటయే. న్యాయస్థానములు కూడ దీనిని ఆలోచించినవని న్యాయవాదియైన ఒక సహోదరుడు మాకు చెప్పెను. ఇంగ్లండు దేశములో రైలాండ్స్ అను మిల్లు యజమాని జలాశయము త్రవ్వించెను. దాని అడుగున పాత గని దారులున్న సంగతి ఆయనకు తెలియదు. నీరు నింపగా అది ఆ దారులగుండ పోయి ఫ్లెచర్ అను పొరుగువాని బొగ్గు గనిని ముంచెను. తెలియక జరిగినను, నీటిని తెచ్చి నిలువజేసినవాడే నష్టమునకు ఉత్తరవాదియని 1868లో ప్రభువుల సభ తీర్పు చెప్పెను. మన దేశములో మరియొక విధముగా జరిగెను. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు మార్గము చెడగా, మద్రాసు రైల్వే కంపెనీ ఆయనమీద దావా వేసెను. ఆ చెరువులు పూర్వకాలమునుండి ఉన్నవనియు, ప్రజల జీవనమునకు అవసరమనియు, వాటిని కాపాడుట జమీందారు విధియనియు, ఆయన అశ్రద్ధ చేయలేదనియు చెప్పి 1874లో ప్రీవీ కౌన్సిలు ఆయనను విడిచిపెట్టెను.

రెండవ తీర్పు విని మా కమిటీవారు కొందరు సంతోషించిరి. మేము వారిని ఒకటే అడిగితిమి: జమీందారు అశ్రద్ధ చేయలేదు గనుక తప్పించుకొనెను. మనము చేయలేదా? ఆమె రెండుమార్లు చెప్పెను గదా? ఊరి మేలు అను మాట జాగ్రత్తగా ఉన్నవానిని కాపాడవచ్చును గాని చెవులు మూసికొన్నవానిని కాపాడదు. గోతిని త్రవ్వి కప్పక విడిచినవాడు అందులో పడి చచ్చిన యెద్దునకో గాడిదకో సొమ్ము చెల్లించవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయములో ఉన్నది. గోయి ఎవరి మేలు కొరకు త్రవ్వితివని అక్కడ అడుగలేదు. కప్పితివా లేదా అనునదే ప్రశ్న.

మూడవ మాట అన్నిటికంటె బరువైనది. ఒక పెద్దమనిషి లేచి, “మెంబ్రేను కని దాచిన సొమ్ము తీసి ఒక గోడకు పెడితే, నూట ఇరవై ఇండ్ల పిల్లల నీళ్ళు ఏమి కావాలె?” అనెను. ఆయన సొంత మనుమరాలికి పండ్లు చెడియున్నవి. ఆయన నొప్పి మాకు తెలియును. అయినను మేము ఇట్లు చెప్పవలసి వచ్చెను: ఇంతకాలము మన పిల్లల మంచినీటి ఖర్చులో ఒక భాగమును ఆమె గోడ చెల్లించుచు వచ్చినది. టిన్ను అయిదు రూపాయలే అని మురిసితిమి. కాలువ ఖర్చు లెక్కలో వేయలేదు గనుక అయిదు రూపాయలాయెను. యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయములో బలిసిన గొఱ్ఱెలు తేట నీరు త్రాగి, మిగిలినదానిని కాళ్ళతో కలకచేయగా, బలహీనమైనవి ఆ బురద నీరే త్రాగవలసి వచ్చినందుకు దేవుడు వాటికిని వీటికిని మధ్య తీర్పు తీర్చెదననెను. మేము ఆ వాక్యము మీద అనేకమార్లు ప్రసంగించితిమి. మేమే ఆ గొఱ్ఱెలమని ఎన్నడును అనుకొనలేదు.

దానమునకును బాకీకిని గల భేదమును జక్కయ్య ఎరిగియుండెను. తన ఆస్తిలో సగము బీదలకిచ్చెదననెను, అది దానము. అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగింతలు తిరిగి చెల్లింతుననెను; అది బాకీ. రెంటిని ఒక మూటలో కట్టలేదు. బాకీని దానమని పిలిచినప్పుడు, ఇచ్చువాడు పుచ్చుకొనువానిని రెండవమారు దోచుకొనుచున్నాడు. మొదట గోడను తీసికొనెను, తరువాత గౌరవమును తీసికొనుచున్నాడు.

గోడకును గదికిని 36,000 రూపాయలు కావలెనని మేస్త్రీ చెప్పెను. అందులో సగము దాచిన సొమ్ములోనుండి వెంటనే ఇచ్చుటకును, మిగిలిన సగము కార్డుకు నెలకు పది రూపాయలు పెంచి తీర్చుటకును, ఇంటికొక మనిషి ఒక దినము పని చేయుటకును ఒప్పుకొంటిమి. ఏడు కుటుంబములవారు కార్డులు తిరిగి ఇచ్చి బోరు నీటికే పోయిరి. వారి పిల్లలను చూచినప్పుడు మాకు దుఃఖమగుచున్నది. వారిని మరల పిలుచుచునే యున్నాము. మిగిలిన నూట పదుమూడు కుటుంబములు పదునారు నెలలు చెల్లించవలెను. అంతవరకు మెంబ్రేను నిలుచునో లేదో యను భయము కలదు. కాబట్టి ప్రతి నెల నీటిని పరీక్ష చేయించుచున్నాము; లెక్క మించినయెడల అప్పు తెచ్చియైనను మార్చెదము. పుస్తకములో మేము మొదట “సహాయము” అని వ్రాసిన మాటను కొట్టివేసి, “బాకీ చెల్లింపు” అని వ్రాసి, మేకపిల్ల వెలను కూడ చేర్చి పెద్దమ్మకు చదివి వినిపించితిమి. ఆమె వేలిముద్ర వేసెను. కృతజ్ఞత చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేదు.

ఇట్టి ప్లాంటులు గల ఇతర సంఘములవారికి కొన్ని మాటలు. వేస్టు నీళ్ళను పశువులకు పెట్టవద్దు. బోరు దగ్గర ఇంకుడు గుంతలో వదలవద్దు; అవి మరల ఆ బోరుకే చేరును. మరుగుదొడ్లకును నేల కడుగుటకును వాడి, మిగిలినవి గట్టి కాలువలో ఇండ్లకు దూరముగా పోనిండి. రాత్రి కుళాయిలన్నియు కట్టిన తరువాత ట్యాంకులో నీటి మట్టమునకు బొగ్గుతో గీత పెట్టుడి. తెల్లవారి మట్టము దిగినయెడల ఎక్కడనో కారుచున్నది. నిమిషమునకు ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్లు కారినను దినమునకు 288 లీటర్లగును. 2019లో ఆరంభమైన జల జీవన్ పథకము మనిషికి దినమునకు 55 లీటర్లు లెక్క వేసినది. ఆ కారుడు అయిదుగురు గల ఇంటివారి వాటాకంటె ఎక్కువ. మట్టి గోడ చెమ్మగిలినయెడల ముందు నీటిని ఆపి, గోడను ఆరనిచ్చి, చెడిన మట్టిని తీసి మరల మట్టితోనో సున్నముతోనో పూయుడి, సిమెంటు వద్దు. గోడ ప్రక్క నేల బయటికి వాలుగా ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పల్లపు ఇంటివారిలో ఒకరిని కమిటీలో కూర్చుండబెట్టుడి. మా కమిటీలో ఇప్పుడు ఆ పెద్దమ్మ ఉన్నది.

సహోదరులారా, ఈ మాసములో మీరు ఒకరికి ఏదైనను ఇచ్చునప్పుడు, చేయి చాపుటకు ముందు ఒక నిమిషము ఆగి, ఇది దానమా, బాకీయా అని మీ మనస్సాక్షిని అడుగుడి. బాకీయైనయెడల ఆ పేరుతోనే చెల్లించుడి. అట్లు చేయుటకు ప్రభువు మనకందరికిని ధైర్యమిచ్చును గాక.