సామాను నొద్ద నిలిచినవారి వంతు

ధ్యానించవలసిన వాక్యభాగము: 1 సమూయేలు 30:1-25



ఈ అధ్యాయము కన్నీటితో ఆరంభమగుచున్నది. దావీదును అతని జనులును సిక్లగునకు తిరిగివచ్చి చూడగా ఊరు కాలిపోయి యున్నది. అమాలేకీయులు భార్యలను, కుమారులను, కుమార్తెలను చెరపట్టుకొని పోయిరి. ఏడ్చుటకు శక్తి లేకపోవు వరకు వారు ఏడ్చిరి. తరువాత ఆరువందల మంది బయలుదేరిరి గాని, బెసోరు వాగు నొద్ద రెండువందల మంది అలసి ముందుకు సాగలేకపోయిరి. వారు సామాను నొద్ద నిలిచిరి. నాలుగువందల మంది వెళ్లి, జయించి, పిల్లలను విడిపించి తెచ్చిరి. అప్పుడు కొందరు దుర్మార్గులు, యుద్ధమునకు రానివారికి దోపుడు సొమ్ములో వంతు ఎందుకని వాదించిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికి ఎంతో, సామాను నొద్ద నిలిచినవానికి అంతే అని తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా నియమించెను.

ఈ వాక్యమును నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. అయితే నేనే ఆ దుర్మార్గుల పక్షమున నిలిచిన దినము ఒకటి ఉన్నది. దానిని మీ యెదుట ఒప్పుకొనుటకే ఈ మాటలు వ్రాయుచున్నాను.

మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. బి.ఇడి. చదివి, ఎనిమిది సంవత్సరములు లెక్కలు బోధించినది. తండ్రి లేడు. తల్లికి ఆమె పెద్ద బిడ్డ. ఒకనాడు ఆమె నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, తూర్పు ఆఫ్రికాలో మిషనరీల పిల్లలు చదివే హాస్టలు స్కూలు ఒకటుంది. టీచర్లు లేక ఇబ్బంది పడుతున్నారట. రెండేళ్లు వెళ్లి రావాలని ప్రభువు నాతో మాట్లాడుతున్నాడు. సంఘం మిషను నిధిలోంచి కొంత సహాయం చేస్తారా?" అని అడిగెను.

డీకనులు కూడుకొనిరి. ఒకరు, "సువార్త చెప్పడానికి వెళ్తే ఇద్దాం. దొరల పిల్లలకు ఎక్కాలు చెప్పడానికి మన కానుకలా?" అనిరి. మరియొకరు, "పెళ్లి కావలసిన పిల్ల" అనిరి. నేనేమి చెప్పుదునో అని అందరు నావైపు చూచిరి. "మిషను నిధి ఆత్మల రక్షణకే గదా" అని నేను చెప్పితిని. మాట అక్కడితో ముగిసెను. ఆ బిడ్డ ఏడవలేదు. "సరేనయ్యగారూ" అని వెళ్లిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఒక సువార్తికుని కుమారుడను. మా నాయన నెలలో ఇరువది దినములు పల్లెలలో తిరుగువాడు. మేము కాపురమున్న చోట బడి లేదు గనుక ఏడేండ్ల వయస్సున నన్ను బోర్డింగులో విడిచిపెట్టిరి. అక్కడ ఒక టీచరమ్మ ఉండెను. వేరే జిల్లానుండి తనవారిని విడిచి వచ్చినది. నా తలలో పేలు దువ్వినది ఆమె. జ్వరము వచ్చినప్పుడు గంజి త్రాగించినది ఆమె. నాకు అక్షరములు రాకమునుపు మా అమ్మకు నా మాటలను ఉత్తరముగా వ్రాసినది ఆమె. మా నాయన ఇచ్చిన బాప్తిస్మముల లెక్క ప్రతి సంవత్సరము నివేదికలో అచ్చు అయ్యెడిది. ఆ టీచరమ్మ పేరు ఏ నివేదికలోను లేదు. ఆమె లేనియెడల మా నాయన నన్ను తీసికొని ఏదో ఒక ఊరిలో గుమాస్తా పని చూచుకొనెడివాడు. ఆ బాప్తిస్మములలో ఆమెకు వంతు లేదా? నా ప్రసంగములలో ఆమెకు వంతు లేదా?

ప్రియులారా, ఈ సేవ క్రొత్తది కాదు. మన తెలుగు మిషను పొలములో పనిచేసిన దొరల, దొరసానుల బిడ్డలు కూడ తలిదండ్రులను విడిచి కొండలమీది బడులలో పెరిగిరి. కొడైకెనాలులో 1901లో హైక్లెర్క్ అను పేరుతో మిషనరీల పిల్లలకొరకు ఒక పాఠశాల తెరువబడెను. కెన్యాలోని కిజాబెలో 1906లో రిఫ్ట్ వ్యాలీ అకాడెమీ ఆరంభమాయెను. వీటిలో బోధించుటకు సముద్రము దాటి వచ్చినవారు అనేకులు. వారు బజారులో ప్రసంగించలేదు. నల్లబల్ల యెదుట నిలిచిరి, రాత్రి పిల్లల దుప్పట్లు సవరించిరి. వారు నిలిచిరి గనుకనే తలిదండ్రులు పొలములో నిలువగలిగిరి. పిల్లల చదువుకు దారి లేక పొలమును విడిచి ఇంటికి మరలిన మిషనరీలు ప్రతి తరములోను ఉన్నారు.

చైనా దేశములోని చీఫూ పట్టణములో హడ్సన్ టేలర్ గారి చైనా ఇన్లాండ్ మిషన్ 1881లో ఇట్టి పాఠశాలనే స్థాపించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జపాను సైన్యము ఆ బడిని పట్టుకొని, పిల్లలను ఉపాధ్యాయులను నిర్బంధములో ఉంచి, 1943లో వైషియన్ అను శిబిరమునకు తరలించెను. తలిదండ్రులు ఎక్కడనో దూరమున ఉండిరి. ఆ ఉపాధ్యాయులు శిబిరములోనే పాఠములు సాగించిరి, పరీక్షలు పెట్టిరి. పిల్లల ఎముకలు బలహీనము కాకుండునట్లు గ్రుడ్డు పెంకులను పొడి చేసి చెంచాతో తినిపించిరి. హడ్సన్ టేలర్ గారి వంశములోని పిల్లలు కూడ వారిలో ఉండిరి.

అదే శిబిరములో ఎరిక్ లిడెల్ గారు ఉండిరి. 1924 పారిస్ ఒలింపిక్సులో 400 మీటర్ల పరుగులో బంగారు పతకము పొందినవాడని మీలో అనేకులకు తెలియును. ఆయన కూడ మిషనరీ బిడ్డయే. చిన్ననాడే ఇంగ్లాండులోని హాస్టలు బడిలో విడువబడినవాడే. ఇప్పుడు తన భార్యను, బిడ్డలను కెనడాకు పంపివేసి ఒంటరిగా చెరలో ఉండెను. మూడవ కుమార్తెను కన్నులార చూడనేలేదు. తన బిడ్డలను ఎత్తుకొనలేని ఆ చేతులతో ఇతరుల బిడ్డలకు విజ్ఞానశాస్త్రము బోధించెను, ఆటలు ఆడించెను. 1945 ఫిబ్రవరి 21న మెదడులోని కణితి వలన ఆయన అక్కడనే మరణించెను. ఆ సంవత్సరము ఆగస్టు 17న శిబిరమునకు విడుదల కలిగెను. పరుగు పందెములో గెలిచినవాడు సామాను నొద్ద నిలిచి ముగించెను. దేవుని దృష్టిలో ఆ రెండింటికి వంతు ఒక్కటే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. హన్నా సమూయేలును ఏలీ చేతికి అప్పగించి, ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చెను. ఆ అంగీ కొలత ప్రతి సంవత్సరము ఊహతోనే కుట్టియుండును. అయితే ఏలీ ఇంట జరిగిన దుష్కార్యములు మనకు తెలియును. ఇట్టి పాఠశాలలన్నియు పరలోకములు కావు. కొన్నిచోట్ల పిల్లలు కాఠిన్యమును, హింసను అనుభవించిరి. పెద్దవారైన తరువాత వారు నోరు తెరిచినప్పుడు కొన్ని మిషను సంస్థలు విచారణ చేసి క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను. కాబట్టి ఎక్కడను పని దొరకనివారిని అక్కడికి పంపుదమని తలంచవద్దు. మన సంఘములో ఎవరి చేతికి మన సొంత బిడ్డను నిశ్చింతగా అప్పగించుదుమో, అట్టివారినే పంపవలెను.

అట్టివారు మనలో ఉన్నారు. మనము ఎవరము? మన తాతలు బంగారు గనులలో పనికి కోలారునకు వచ్చిరి. ఆ గనులు 2001లో మూతపడినను మనము మిగిలియున్నాము. కొందరము మగ్గము పట్టుకొని షోలాపూరు చేరితిమి. కొందరము మద్రాసులో, బరంపురములో స్థిరపడితిమి. మన పిల్లలు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, గుడిలో తెలుగు మాట్లాడుదురు. ఇక్కడివారు "మీరు తెలుగువాళ్లు" అందురు. నెల్లూరికి పెండ్లికి పోయినప్పుడు అక్కడి బంధువులు మన తెలుగు విని "అరవవాళ్లు వచ్చారు" అని నవ్వుదురు. "మీదే ఊరు?" అని అడిగినయెడల మన బిడ్డ క్షణము తడబడును. మిషనరీ బిడ్డకు కలుగు తడబాటు ఇదియే. ఆ బిడ్డ మనస్సును గ్రహించుటకు మనకంటె తగినవారు ఎవరు?

మన పితరులు ఇట్టి దూరమునకు వెరవలేదు. 1860 మొదలుకొని చెరకు తోటలలో కూలికై ఓడలెక్కి నేటాలునకు పోయిన తెలుగువారిని తలంచి, నెల్లూరులోని తెలుగు బాప్టిస్టు హోమ్ మిషను వారు 1903లో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాకు పంపిరి. పంపిన సంఘములు ధనవంతులవి కావు. పంపవలెనను మనస్సు మాత్రము వారికుండెను.

మరుసటి ఆదివారము ఆరాధన అయిన తరువాత నేను లేచి, సంఘము యెదుట ఆ సహోదరిని క్షమాపణ అడిగితిని. డీకనులు మరల కూడుకొనిరి. నిధిలోనుండి కొంత ఇచ్చుటకు ఒప్పుకొనిరి. స్త్రీల సమాజమువారు రెండేండ్లపాటు పిడికెడు బియ్యపు కానుకను ఆమెకొరకు ప్రత్యేకించిరి. అయితే ఆమె తల్లి నన్నడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోతిని. "అయ్యగారూ, ఆ పిల్లల్ని నా కూతురు చూసుకుంటుంది. నన్నెవరు చూసుకుంటారు?" అనెను. దేవుడు చూచుకొనును అని చెప్పుట సులభము. నేనట్లు చెప్పలేదు. ఆ తల్లి కూడ సామాను నొద్ద నిలిచినదే. ఆమె వంతు ఆమెకిచ్చుట మన బాధ్యత. ఇప్పుడు ప్రతి శనివారము యౌవనస్థులలో ఇద్దరు ఆమె ఇంటికి వెళ్లి, సరకులు, మందులు తెచ్చి, ప్రార్థన చేసి వచ్చుచున్నారు. ఇది కూడ మిషను పనియేనని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

ఆమె మొదటి ఉత్తరము వచ్చెను. ఆరేండ్ల బాలుడొకడు రాత్రి పడుకొనునప్పుడు ఆమె చీర కొంగు పట్టుకొని, "మా అమ్మ రేపు వస్తుందా?" అని అడుగునట. రేపు వచ్చునని అబద్ధమాడుటకు ఆమెకు మనసు రాలేదు. క్యాలెండరు తెచ్చి సెలవుల దినమునకు చుట్టు గీసి, ప్రతి రాత్రి వానితో కలిసి ఒక గడి కొట్టివేయుచున్నదట. ఆ బాలుని తలిదండ్రులు ఎక్కడనో ఒక ఎడారి గ్రామములో సువార్త చెప్పుచున్నారు. మా సంఘము వారిని చూడలేదు. అయినను వారి పంటలో మాకొక వంతు ఉన్నది.

ప్రియ చదువరులారా, మీ సంఘములో అట్టి కుమార్తె, అట్టి కుమారుడు మీయొద్దకు వచ్చినప్పుడు నేను చెప్పినట్లు చెప్పకుడి. మొదట విని, వారితోకూడ మోకాళ్లూనుడి. పంపినయెడల వారి ఇంటిని మీ ఇల్లుగా చూచుకొనుడి. మన ఆదివారపు బడిలో బోధించుచున్న అక్కకు, హాస్టలు పిల్లలకు అన్నము వండుచున్న అమ్మకు ఈ వారమే ఒక మాట వందనము చెప్పుడి. యుద్ధమునకు వెళ్లినవారిని, వాగు నొద్ద నిలిచినవారిని ఒక్కటిగా ఎంచు దావీదు కుమారుడు మనలను ఆ ప్రకారముగానే ఎంచునుగాక. ఆమేన్.