గ్రహణ వేళ నమాజు ఎందుకు?

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. ఆ రాత్రి మా ఇంట్లో రెండు మాటలు విన్నాము. ఆరో నెల గర్భంతో ఉన్న కోడలిని మా పెద్దమ్మ గది దాటనివ్వలేదు. కత్తిపీట ముట్టుకోవద్దంది, కిటికీ తలుపులు వేసింది. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని ఆమె భయం. ఇటు వుజూ చేసుకుని వస్తున్న మమ్మల్ని చూసి, ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి, "చందమామ మీద భూమి నీడ పడుతోంది, అంతే కదా నాన్నా! ఎప్పుడు పట్టి ఎప్పుడు విడుస్తుందో నిమిషాలతో సహా పేపర్లో వేశారు. దానికి నమాజు ఎందుకు?" అని అడిగాడు.

పెద్దమ్మకు జవాబు చెప్పగలిగాము. అబ్బాయికి చెప్పలేక, ధర్మం విషయంలో ఎదురు ప్రశ్నలు వేయకూడదని కసిరి, ముసల్లా పరచుకున్నాము. ఆ తర్వాత కొన్ని వారాలపాటు వాడు మాతో మసీదుకు రాలేదు. తప్పు మాదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము. ప్రశ్న అడిగినవాణ్ణి కసిరితే ప్రశ్న పోదు, అడిగినవాడు దూరమవుతాడు.

ఆనాడు చెప్పవలసిన జవాబు మదీనాలో ఉంది. హిజ్రీ 10వ సంవత్సరం. దైవప్రవక్త (స) గారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ రెండేళ్ళైనా నిండకుండా కన్నుమూశాడు. ప్రవక్త (స) బిడ్డను ముద్దాడారు, కంటతడి పెట్టారు. మీరు కూడానా అని సహచరులొకరు ఆశ్చర్యపోతే, ఇది హృదయంలోని దయ అని ఆయన తెలియజేశారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. (శాస్త్రజ్ఞులు వెనక్కి లెక్కగట్టి, అది క్రీ.శ. 632 జనవరి 27వ తేదీ అంటున్నారు.) జనం ఏమనుకున్నారో ఊహించడం కష్టం కాదు. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడే నల్లబడ్డాడన్నారు.

సోదరులారా! ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ మాట పుట్టించింది శత్రువులు కాదు, ప్రాణమిచ్చే అనుచరులు. ఆయన ఏమీ అనకుండా ఊరుకున్నా సరిపోయేది, ఆ మహిమ తరతరాలు నిలిచిపోయేది. పుత్రశోకంలో ఉన్న తండ్రికి అది ఎంతో కొంత ఓదార్పు కూడా. కాని ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలు మాత్రమేననీ, ఎవరో పుట్టినందుకో చనిపోయినందుకో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టంగా ప్రకటించారు. గ్రహణాన్ని చూస్తే నమాజు చేయమనీ, దుఆ చేయమనీ, దానధర్మాలు చేయమనీ ఆదేశించారు. మా పెద్దమ్మ భయం ఆ ప్రకటనతోనే తీరిపోవాలి. పుట్టుకకూ చావుకూ సంబంధం లేని గ్రహణానికి కడుపులోని బిడ్డ పెదవితో సంబంధం ఎక్కడిది? పైగా ఆ రోజు స్త్రీలు గదుల్లో దాక్కోలేదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) ఆ సుదీర్ఘ నమాజులో నిలబడి నిలబడి సొమ్మసిల్లబోయి, తలపై నీళ్ళు పోసుకున్నారని హదీసుల్లో ఉంది.

ఇక అబ్బాయి ప్రశ్నకు వద్దాము. అదే నమాజులో ఇంకొకటి జరిగింది. ప్రవక్త (స) దేన్నో అందుకోబోతున్నట్టు ముందుకు చేయి చాచారు, మరి కాసేపటికి వెనక్కి జరిగారు. తర్వాత సహచరులు అడిగితే, తమకు స్వర్గం చూపబడిందనీ, ద్రాక్షగుత్తి అందుకోబోయామనీ, నరకం కూడా చూపబడిందనీ చెప్పారు. వెలుపల చంద్రుని నీడ తన లెక్క ప్రకారం వచ్చింది, లెక్క ప్రకారం తొలగింది. ఆ నీడలోనే నిలబడిన దైవదాసునికి పరలోకం కనిపించింది. రెండూ ఒకే గడియలో, ఒకే మసీదులో. గ్రహణానికి కారణముందన్నది ఆ దర్శనానికి అడ్డు రాలేదు. ఆ దర్శనం జరిగిందని గ్రహణం మహిమగా మారనూ లేదు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఈ సంగతి బాగా ఎరుగుదురు. తత్వవేత్తలను ఖండిస్తూ రాసిన 'తహాఫుతుల్ ఫలాసిఫా' గ్రంథం ఆరంభంలోనే ఆయన గ్రహణాల ప్రస్తావన తెచ్చారు. గణితంతో రుజువైన దాన్ని ధర్మం పేరిట కాదనేవాడు ధర్మానికే హాని చేస్తాడని హెచ్చరించారు. అంతటి పండితుడు 1095లో బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. అన్నం సయించలేదు. హృదయంలో పుట్టిన వ్యాధి ఇదని వైద్యులు చేతులెత్తేశారు. ఉద్యోగం, పేరు వదిలి సిరియా దారి పట్టారు. సూఫీల బాట గురించి పుస్తకాల్లో చదవగలిగినంతా చదివాననీ, మిగిలింది అనుభవిస్తే తప్ప దొరకదనీ ఆయన రాసుకున్నారు. ఆరోగ్యం అంటే ఏమిటో జబ్బుపడిన వైద్యునికి బాగా తెలుసు, కాని ఆరోగ్యం అతని దగ్గర లేదు అన్నది ఆయన ఇచ్చిన ఉపమానం. గ్రహణం లెక్క కూడా అలాంటిదే. నీడ ఎప్పుడు పడుతుందో అది చెబుతుంది. ఆ నీడ కింద నేను ఎవరిని, ఎవరి ముందు నిలబడ్డాను అన్నది సజ్దాలో తేలవలసిందే.

మగ్రిబ్ సంగతి చూడండి. మసీదు గోడ మీది పట్టికలో సూర్యాస్తమయం నిమిషాలతో సహా ఉంటుంది. సమయం ముందే తెలుసు గనక మగ్రిబ్ నమాజు అక్కర్లేదని ఎవరైనా అంటారా? 14వ శతాబ్దంలో దమస్కు ఉమవీ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టిన ఇబ్నుష్షాతిర్, గ్రహగతులపై గ్రంథాలు రాసిన గొప్ప ఖగోళ శాస్త్రవేత్త. ఆయన లెక్క పూర్తయ్యాకే అజాన్ మొదలయ్యేది.

ఒక మాట మా గురించి కూడా చెప్పాలి. ఫలానా ఆయతులో ఫలానా శాస్త్ర సిద్ధాంతం ముందే ఉందని రాసిన కరపత్రాలు ఒకప్పుడు మేమూ ఉత్సాహంగా పంచాము. సిద్ధాంతాలు మారుతుంటాయి. మారిన రోజున, ఆ కరపత్రం మీద నిలబెట్టిన మన పిల్లల విశ్వాసం ఏమవుతుందో అప్పుడు ఆలోచించలేదు. సూర్యుడు నల్లబడ్డ రోజున దైవప్రవక్త (స) అలాంటి ఊతకర్రను పట్టుకోలేదు గదా!

ఇదంతా ఈమధ్య ఒక రాత్రి అబ్బాయిని కూర్చోబెట్టుకుని చెప్పాము. కసిరినందుకు క్షమించమని కూడా అన్నాము. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత సెల్‌ఫోన్ తీసి ఏదో వెతికి, 2027 ఆగస్టు 2న మక్కాలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపిస్తుందనీ, దాదాపు ఐదు నిమిషాలు పగలే చీకటి పడుతుందనీ చెప్పాడు. "అప్పుడు హరమ్‌లో నమాజు ఎలా చేస్తారు నాన్నా?" అని అడిగాడు. మన హనఫీ పద్ధతిలో మామూలుగానే రకాతుకు ఒక రుకూ అనీ, అక్కడ మాత్రం ఒక్కో రకాతులో రెండేసి రుకూలు చేస్తారనీ, ఖిరాఅత్ చాలా పొడవుగా సాగుతుందనీ చెప్పాము. ఎంత పొడవని అడిగాడు. ప్రవక్త (స) మొదటి ఖియామ్‌లో దాదాపు బఖరా సూరా చదివేంతసేపు నిలబడ్డారని చెప్పాము. ఆ సూరా చదవడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని వాడే లేచి ఖుర్ఆన్ తెచ్చాడు.