మరణాచారాలు – శరణుల దృష్టి

మానవుడు సంఘజీవి. ఏ భాష మాట్లాడవలెనో, ఏమి భుజింపవలెనో నేర్పినట్లే, గతించినవారిని ఎట్లు సాగనంపవలెనో కూడ అతనికి సంఘమే నేర్పుతున్నది. ఇట్లు తరతరాలుగా నేర్చుకొన్నదాని మొత్తాన్నే సమాజశాస్త్రజ్ఞులు సంస్కృతి అంటారు. మరణం ప్రకృతి ధర్మం. మరణాచారం సంస్కృతి ఫలం.

గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ ఒక ఉదంతం చెప్పాడు. పారశీక చక్రవర్తి డేరియస్ తన కొలువులోని గ్రీకులను పిలిచి, ఎంత ధనమిస్తే మీ తండ్రుల మృతదేహాలను భుజిస్తారని అడిగాడట. ఎంత ఇచ్చినా ఆ పని చేయమన్నారు వారు. పిమ్మట, అట్లు భుజించే ఆచారం గల కల్లాటియులనే భారతీయ తెగవారిని రప్పించి, ఎంత ధనమిస్తే తండ్రుల దేహాలను దహిస్తారని అడిగాడు. అట్టి మాట పలుకవద్దని వారు కేకలు వేశారట. ఉభయులకూ పితృభక్తి ఒక్కటే. దానిని వెల్లడించే రీతి వేరు.

అట్లయిన ఆచారాలన్నీ సమానమేనా? మంచిచెడ్డల విచారణకు తావే లేదా? ఫ్రెంచి పండితుడు రొబేర్ హెర్ట్జ్ 1907లో వెలువరించిన వ్యాసం ఇచ్చట మనకు తోడ్పడుతుంది. మరణం వ్యక్తికే కాక సంఘానికీ తగిలే గాయమనీ, ఉత్తరక్రియల ద్వారా సంఘం మరల కుదుటపడుతుందనీ ఆయన భావం. కనుక ఒక ఆచారం ఆ గాయాన్ని మాన్పుతున్నదా, రేపుతున్నదా అని అడుగుట న్యాయమే.

మన సంప్రదాయంలో మృతదేహానికి స్నానం చేయించి, విభూతి ధరింపజేసి, ఆసీనునిగా సమాధిలో ఉంచి, ఇష్టలింగాన్ని కరతలమందు నిలుపుతాము. బిల్వపత్రాలు, విభూతి సమర్పిస్తాము. మరణించాడనక లింగైక్యం చెందాడంటాము. ఈ క్రియలో గొప్ప సాంత్వన ఉన్నది. జీవితమంతా అరచేతిలో పూజించిన లింగమే కడపటి తోడు.

పన్నెండవ శతాబ్దంలో కల్యాణ నగరాన బసవేశ్వరుడు, శరణులు జాతి, జనన, మరణాది సూతకాలను నిరాకరించారు. లింగధారికి మైల లేదన్నారు. మరి లింగంలో ఐక్యమైనవాని ఇంటికి మైల ఎట్లు వచ్చింది? నోట లింగైక్యమని పలికి, ఆ ఇంట మంచినీళ్లయినా ముట్టక తిరిగివచ్చేవారు మనలో లేరా? భర్తను కోల్పోయిన సోదరి గాజులు పదిమంది ఎదుట పగులగొట్టుట ఏ శరణధర్మం? అప్పు చేసి భోజనాలు పెట్టించుట ఎవరి తృప్తికి?

ఊరివారు ఏమనుకొంటారో అనే భయమే ఇందుకు మూలం. సమాజశాస్త్రం దీనిని సామాజిక నియంత్రణ అంటుంది. కాని ఆ ఊరివారిలో మనమూ ఉన్నాము. ఒకరి దుఃఖానికి మనం భయకారణం కావచ్చు, ఆసరా కావచ్చు.

ఆచారాలన్నిటినీ విడువమని చెప్పుట లేదు. బంధువులు కూడుట, పోయినవారి గుణాలను స్మరించుట, కలసి ప్రసాదం స్వీకరించుట దుఃఖితులకు అవసరం. వారిని దూరం చేసేదే విడువదగినది.

తదుపరి ఎవరింట లింగైక్యవార్త విన్నా, ముందుగా వెళ్లి ఆ ఇంటివారి చేతి నీళ్లు త్రాగుదాము. బసవన్న బోధకు అదియే ప్రథమ ఆచరణ.