పడక్కుర్చీకి ఎదురుగా

మంచి పాత పడక్కుర్చీ ఒకటి ఇంట్లో ఉండాలని నాకు చాన్నాళ్ళుగా కోరిక. చెన్నైలో రెండు గదుల ఫ్లాటు కొన్నాక కిటికీ పక్కన ఆరడుగుల జాగా దానికోసమే ఖాళీగా ఉంచాను. మోకాళ్ళ నొప్పులు చూపించుకోవడానికి నాయన నగరి నుంచి వచ్చినప్పుడు, ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ ఒక పాత సామాన్ల షాపు దగ్గర ఆటో ఆపించాను. అప్పటికే రెండుసార్లు వెళ్ళి చూసుకొచ్చిన కుర్చీ అక్కడే ఉంది. టేకు చట్రం, పేము అల్లిక, చేతుల కింద మడిచి దాచిన రెండు పొడుగాటి పలకలు. షాపతను ఆ పలకల్ని బయటికి తిప్పి, "కూర్చోండి పెద్దాయనా, కాళ్ళు పైన పెట్టుకోండి, మోకాళ్ళకి మంచిది" అన్నాడు.

నాయన కూర్చోలేదు. "వద్దులే సామీ" అంటూ ఒకడుగు వెనక్కి వేశాడు. భుజం మీది తువ్వాలు ఎప్పుడు తీశాడో, అది చేతిలో ఉంది.

ఆటోలో చెప్పాడు. ఆయనకి పదేళ్ళప్పుడు, ఇంటి జాగా లెక్కలో ఏదో తప్పు పడిందని తాత ఆయన్ని వెంటబెట్టుకోని కరణం ఇంటికి పోయాడట. కరణం తిన్నె మీద అట్లాంటి కుర్చీలోనే పడుకోని ఉన్నాడు. వీళ్ళు వీధిలో నిలబడ్డారు. "తిన్నె ఎత్తు, దాని మీద కుర్చీ, కుర్చీ మీద కాళ్ళు. సరిగ్గా నా మొగానికి ఎదురుగా. ఆయప్ప మొగం నాకు గురుతే లేదురా. పాదాలు మాత్రం గురుతుండాయి."

అప్పటిదాకా నాకది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం. టేకా, రోజ్‌వుడ్డా? పాత పాలిష్ ఉంచాలా, గీకించాలా? ఆ సాయంత్రం నుంచీ ప్రశ్న మారిపోయింది. మా తాత ఎవరి ఎదుట నిలబడ్డాడో ఆ కుర్చీని నేను డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవచ్చా?

ముందు ఆ కుర్చీ ఏమిటో చెప్పాలి. ఇంగ్లీషులో దాన్ని ప్లాంటర్స్ చెయిర్ అంటారు, తోటల దొరల కుర్చీ. తోటంతా తిరిగొచ్చిన దొర బూట్ల కాళ్ళని ఆ పలకల మీద చాపితే, బూట్లు లాగడానికి నౌకరు ఎదురుగా ఉండేవాడని చెబుతారు. తెల్లవాళ్ళ బంగళాల నుంచి అది మన పెద్దిళ్ళ తిన్నెల మీదికి వచ్చింది. ఫ్రెంచివాళ్ళ షేజ్ లాంగ్ దీనికి దూరపు చుట్టం. ఆ మాటకి అర్థం ఉత్త 'పొడుగు కుర్చీ' అనే. ఇంకా వెనక్కి పోతే, రోమ్‌లో ధనవంతులు ఒరిగి పడుకోని విందులు చేసుకునేవారు. బానిసలు నిలబడి వడ్డించేవారు. అంటే ఈ రకం కుర్చీ ఒక్కటిగా ఉండదు. ఒరిగినవాడు ఒకడుంటే, నిలబడినవాడు ఇంకొకడు ఉంటాడు. పాత ఫోటోల్లో వాడు పడడు, అంతే.

ఇక మా ఇంటి కాళ్ళ సంగతి. తాతది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, అడుగున చెక్కలు తొక్కుతూ, నేల మట్టాన కూర్చుని నేసేవాడు. నాయన కాలానికి నగరిలో మరమగ్గాలు వచ్చాయి. రెండు మరమగ్గాల మధ్య నిలబడి, తెగిన పోగులు ముడేస్తూ, నాడెలు మారుస్తూ ముప్పై ఏళ్ళు గడిపాడు. ఆ మోకాళ్ళకే ఇప్పుడు మందులు. నా కాళ్ళు పగలంతా ఏసీ గదిలో టేబుల్ కింద ఉంటాయి. వాటిని ఎత్తి చాపుకోవాలనే ఆశ పుట్టింది మా ఇంట్లో నాకే మొదట.

స్నేహితుడొకడు నవ్వాడు. "చెక్కకి పాపం ఏముంటుంది? అది చెట్టు. ఎవరు కూర్చుంటే వాళ్ళని మోస్తుంది" అన్నాడు. నిజమే అనిపించింది. కానీ షాపతను మొదటిరోజే ఒక మాట అన్నాడు: "జమీందారు ఇంటిది సార్, మామూలు కుర్చీ కాదు." మా వైపు జమీందారు అనగానే గుర్తొచ్చేది కార్వేటినగరం. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్నీ తీసేసింది. అధికారం పోయింది, కుర్చీలు మిగిలాయి. ఇప్పుడు ఆ పోయిన అధికారం పేరు చెప్పే కుర్చీకి నాలుగు రాళ్ళు ఎక్కువ అడుగుతున్నారు. నేనూ ఆ మాటకి లోపల్లోపల మురిశాను, ఒప్పుకోవాలి. చెక్కకి పాపం లేదంటే దానికి దర్జా కూడా ఉండకూడదు. దర్జా మాత్రం ఒరిజినల్ అని డబ్బులిచ్చి తెచ్చుకుని, ఆ దర్జా ఎవరిని నిలబెట్టిందని అడిగితే 'ఉత్త చెక్కే కదా' అనడం కుదరదు. రెండూ కావాలి, లేదా రెండూ వద్దు.

ఇంకో స్నేహితురాలిది పూర్తిగా వేరే వాదన. "కొనెయ్. నిలబడినాయన మనవడు అందులో పడుకుంటే అదే న్యాయం." ఈ మాట నన్ను చాలా ఊరించింది. రెండు రోజులు అదే నమ్మాను కూడా. మూడోరోజు పొద్దున మా ఇంట్లో పనిచేసే ఆమె వంటగది గడప దగ్గర నేల మీద కూర్చుని టీ తాగుతోంది. స్టీలు గ్లాసు, ఎప్పుడూ అదే గ్లాసు. అది వేరుగా పెట్టమని ఆమెకి నేనెప్పుడూ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. కిటికీ పక్క ఖాళీ జాగా వైపు చూశాను. కుర్చీ అక్కడ వేస్తే, నేను అందులో వాలి కాళ్ళు చాపితే, నా పాదాలు సరిగ్గా ఆ గడప వైపే ఉంటాయి. పడుకునే మనిషి మారితే న్యాయం జరిగిందని ఎట్లా అనుకున్నాను?

పోనీ, కొనకుండా ఉంటే? కొత్త సోఫా తెచ్చుకుంటే? దాన్ని ఎవరు కోశారో, ఎవరు కుట్టారో, వాళ్ళు రోజుకి ఎన్ని గంటలు నిలబడ్డారో మనకి తెలియదు. తెలియకపోవడాన్నే మనం శుభ్రం అనుకుంటాం. పాత కుర్చీ కనీసం తన సంగతి దాచిపెట్టదు.

ఒరగడం తప్పేమీ కాదని చెప్పే మంచం కూడా ఒకటుంది. వియన్నాలో ఫ్రాయిడ్‌కి 1890 ప్రాంతంలో ఒక పేషెంటు కృతజ్ఞతగా ఇచ్చింది అది. 1938లో ఆయన నాజీల నుంచి తప్పించుకుని పోతే, అదీ లండన్ చేరింది. దాని మీద పడుకునేది డాక్టరు కాదు, బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషి. డాక్టరు తలవైపు మామూలు కుర్చీలో కూర్చుని వింటాడు. ఫీజు తీసుకునేవాడు, పేరున్నవాడు ఆయనే, కాదనను. కానీ అక్కడ ఎవరూ నిలబడలేదు. పక్కన ఇంకో కుర్చీ ఉంది.

నాయన ఊరికి పోయేముందు ఈ మాటలేవీ ఆయనతో అనలేదు. "ఆ కుర్చీ కొనమంటావా, వద్దంటావా?" అని మాత్రం అడిగాను. రైలు కోసం చూస్తూ కొంచెంసేపు ఊరికే ఉన్నాడు. "కొంటే కొనుక్కో, దానికేముండాది. ముందు ఎదురుగా ఏసేదానికి రెండు కుర్చీలు కొను. వచ్చినోళ్ళు నిలబడుకోని మాట్లాడకూడదు."

రెండు మామూలు చెక్క కుర్చీలు కొన్నాను. మర్నాడు టీ ఇస్తూ, కుర్చీలో కూర్చోమని ఆమెతో అన్నాను. "పరవాయిల్లే సార్" అని గడప దగ్గరే కూర్చుంది. నాలుగు రోజులు అడిగాను, నాలుగు రోజులూ అదే జవాబు. ఆమె కుర్చీలో కూర్చున్న రోజే పడక్కుర్చీ తెచ్చుకుంటానని పంతం పట్టాను. అది కూడా ఆమె మీద నేను పెట్టిన పరీక్షే అని అర్థం కావడానికి ఇంకో వారం పట్టింది. నా మనసు తేలిక కావడం కోసం ఆమె ఎందుకు కూర్చోవాలి? అడగడం మానేశాను. వేరు గ్లాసు మాత్రం తీసేశాను. అందరికీ ఒకేరకం కప్పులు. అది నా చేతిలో ఉన్న పని, ఎప్పుడో చేయాల్సిన పని.

తర్వాత షాపుకి వెళ్ళాను. కుర్చీని తిరగేసి చూపించమన్నాను. కుసులు బిగువుగానే ఉన్నాయి. వెనక కాలు దగ్గర ఒక స్క్రూకి ప్లస్ గాడి ఉంది. అట్లాంటి స్క్రూలు 1930ల్లోగానీ రాలేదు. నూట ఇరవై ఏళ్ళ కుర్చీ అంటున్నారు కదా అంటే, "ఎవరో రిపేరు చేసుంటారు సార్" అన్నాడు. అయ్యుండొచ్చు. జమీందారూ పోయాడు, కరణమూ పోయాడు. విరిగిన కాలుని బిగించిన ఆ వడ్రంగి చేతిపని మాత్రం ఇంకా గట్టిగా ఉంది. "జమీందారు కథకి వేసిన డబ్బులు తగ్గించండి, చెక్కకీ పేముకీ ఇస్తాను" అన్నాను. నవ్వి, కొంత తగ్గించాడు. పేము కొత్తగా అల్లించి పదిహేను రోజుల్లో ఇస్తానన్నాడు.

రాత్రి నాయనకి ఫోన్ చేసి, అడ్వాన్సు ఇచ్చానని చెప్పాను. నువ్వొచ్చి కూర్చోవాలి అనలేదు. అది ఆయనిష్టం.

"ఏ పక్క ఏస్తావు?" అన్నాడు.

"కిటికీ పక్కన."

"సరే. కాళ్ళు మాత్రం వాకిలి తట్టు పెట్టగాకు" అన్నాడు.